ఆగని బండి దిగేవాళ్లు

“ఇవాళ బండి దిగేటప్పుడు పిల్లకి కాలు జారుతుంది, చూస్తూ ఉండండి,” అంది ఆమె, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

గడప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న భర్త తల ఎత్తలేదు.

“నిన్న కూడా అదే అన్నావు.”

“నిన్న తప్పిపోయింది.”

“మొన్నా తప్పిపోయింది. పోనీలే, ఇవాళ కూడా తప్పిపోతుంది.”

“మీకు అన్నీ వేళాకోళమే. పొద్దున చినుకు పడింది. ప్లాట్‌ఫాం రాళ్ల మీద నాచు ఉంటుంది. అది వేసుకెళ్లిన చెప్పులు అరిగిపోయి అద్దాల్లా ఉన్నాయి.”

“నాచు గీకేశాను.”

“అంచు దగ్గర గీకారా?”

“అంచు దగ్గరే గీకాను.”

ఇక అడగడానికేమీ దొరకక ఆమె గుండీ కుట్టడంలో పడింది. గుండీకీ బట్టకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టడం, పుల్ల లాగేసి దారాన్ని గుండీ మెడకు చుట్టి ముడి వేయడం. టైలరమ్మ తెచ్చిచ్చే చొక్కాలకు గుండీలు కుట్టి పెట్టడమే ఆమె పని. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి కాబట్టి, బుర్ర ఖాళీగా ఉండి ఎక్కడెక్కడి భయాలనూ పోగుచేసుకొస్తుంది.

ఆయన లేచి ఖాకీ చొక్కా కాలర్ సర్దుకున్నాడు. తలుపు వెనక నిలబెట్టిన కర్రని తీసుకున్నాడు. దానికి చుట్టిన పచ్చజెండా ఎండకి వెలిసి లేత ఆకు రంగులోకి దిగింది. దాన్ని చంకలో పెట్టుకుని, ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఎలా నడిచేవాడో అలాగే నడుచుకుంటూ వెళ్లాడు. ఆమె పని చుట్టి అవతల పెట్టి వెనకే బయల్దేరింది. రోజూ రానంటుంది, రోజూ వస్తుంది.

ఇంటి పెరటి గోడ దాటితే స్టేషనే. అది ఒక్కరోజులో మూతపడలేదు. ముసలాయన పళ్లు ఊడినట్టు ఒక్కొక్కటే ఊడింది. ముందు టికెట్ల గుమాస్తాని ఇంకో ఊరు పంపారు, ఆ కిటికీకి ఇటుకలు పేర్చారు. తర్వాత స్టేషన్ మాస్టరు వెళ్లాడు, ఆయన గదిలో గబ్బిలాలు చేరాయి. గంట విప్పుకుని పోయారు. పట్టాలు మార్చే మీటలు విప్పుకుని పోయారు. ఆ మీటలు లాగే ఉద్యోగం చేసిన ఆమె భర్తకి ఒక పూలదండ వేసి, ఇంటికి పొమ్మన్నారు. ఊరి పేరు రాసిన బోర్డు కూడా పీకేశారు గానీ రెండు స్తంభాలూ వదిలేశారు. ఆ రెంటికీ తీగ కట్టి ఆమె బట్టలు ఆరేసుకుంటుంది. అన్నిటికన్నా చివర ఊడింది బండి ఆగడం.

కానీ సాయంత్రం పాసింజరు ఇక్కడికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది. హుషారుగా నడిచే మనిషి పక్కనే నడిస్తే దాన్ని అందుకోగలడు. పట్నంలో పనులు చేసుకుని తిరిగొచ్చే ఊరివాళ్లకి అంతే చాలు. ఆగని బండి దిగడానికి వాళ్ల పద్ధతులు వాళ్లకున్నాయి. మూట ముందు, మనిషి తర్వాత. బండి ఎటు పోతోందో అటే మొహం. దిగాక నాలుగడుగులు పరిగెత్తాలి, దిగినచోటే నిలబడితే బోర్లా పడతారు. కొత్తగా పనిలో చేరిన ప్రతివాళ్లకీ టైలరమ్మే నేర్పింది, ఈ దంపతుల కూతురికీ ఆవిడే నేర్పింది. ఆ నేర్పిన వారం రోజులూ తల్లికి అన్నం సయించలేదు.

ప్లాట్‌ఫాంకి ముందు పట్టాలు మట్టిగుట్టని కోసుకుంటూ వంపు తిరుగుతాయి. తలుపు దగ్గర నిలబడినవాళ్లకి ఆ వంపు దాటేదాకా స్టేషన్ కనబడదు. మొట్టమొదట కనబడేది ఆయన జెండానే. జెండా కనబడగానే మూటలు లేస్తాయి.

ఆయన ప్లాట్‌ఫాం చివర తన చోటులో నిలబడి జెండా విప్పాడు. పట్టాలు సన్నగా రొద పెట్టాయి. వంపులోంచి ఇంజిను నింపాదిగా బయటికొచ్చింది. డ్రైవరు ఎప్పట్లాగే చెయ్యెత్తాడు. ఆయన జెండా ఊపాడు. టైలరమ్మ మూట దభీమని పడింది, వెనకే టైలరమ్మ దిగి నాలుగడుగులు తూలింది. పట్నం క్లినిక్‌లో పనిచేసే కంపౌండరు సంచిని గుండెలకు హత్తుకుని దూకాడు. తర్వాత అదే పెట్టెలోంచి కూతురు, నీళ్లలోకి దిగే బాతులా తేలిగ్గా దిగింది.

ఆమె అప్పుడు ఊపిరి వదిలింది.

“చూశావా వదినా,” అంది టైలరమ్మ మూట దులుపుకుంటూ, “మా అన్నయ్య జెండా చూస్తే చాలు, ఇంత పెద్ద బండీ పిల్లిలా అయిపోతుంది.”

“ఆ డ్రైవర్లందరికీ నేను తెలుసు,” అన్నాడాయన జెండా చుట్టుకుంటూ. “ఈ జెండా చూస్తే వాళ్ల చెయ్యి బ్రేకు మీదకి దానంతటదే పోతుంది.”

“మామా, నీకు జలుబు చేసి ఇంట్లో పడుకుంటే మేమంతా ఏ దేశం పోతామో,” అన్నాడు కంపౌండరు.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమెకి వేరే సంగతి తెలుసు. ప్లాట్‌ఫాం దాటగానే కాలువ మీద పాత కల్వర్టు ఉంది. దాని గోడ బీటలు వారింది. అందుకని వంపుకి ఇవతల ఒక పసుపు బోర్డు పాతారు. దానిమీద రాసిన అంకెని మించిన వేగంతో ఏ బండీ పోకూడదు. ఈ మాట ఎప్పుడో, పట్టాలు బాగుచేసే గ్యాంగు మేస్త్రీని అడిగి తెలుసుకుంది. తెలుసుకుని లోపల దాచుకుంది. ఉద్యోగం పోయాక మంచం దిగని మనిషి, ఈ జెండా మూలంగానే మళ్లీ గడ్డం గీసుకుని, బూట్లు తొడుక్కుని బయటికొస్తున్నాడు. ఆ జెండాకి విలువ లేదని చెప్పడానికి ఆమెకి నోరెలా వస్తుంది?

కూతురు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. ఎన్నిసార్లు ఒళ్లు రుద్దుకున్నా ఆ పిల్ల జుట్టులోంచి వెన్న, చక్కెర వాసన పోదు. ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని, విరిగిన బిస్కెట్ల పొట్లం తల్లి ముందు పెట్టింది.

“చెప్పులు ఇలా చూపించు.”

“ఎందుకమ్మా?”

“చూపించమంటున్నానా.”

కూతురు చెప్పు తీసి ఎత్తి పట్టుకుంది. “ఇదుగో, చూసుకో. పోయిన వారం గోడ కూలుతుందన్నావు, కూల్లేదు. అంతకు ముందు ఫ్యాక్టరీ పొయ్యి పేలుతుందన్నావు, పేల్లేదు. ఇప్పుడు నా చెప్పు మీద పడ్డావా? నాన్నా, అమ్మకి ఒక రేడియో స్టేషన్ పెట్టించు. పొద్దున లేవగానే ఇవాళ్టి ప్రమాదాలు చదువుతుంది.”

“వినేవాళ్లు కూడా ఉంటారు,” అన్నాడు తండ్రి.

“నవ్వండి, నవ్వండి,” అంది ఆమె. “నేను పోయాక ఎవరు భయపడతారో చూస్తాను.”

*

మర్నాడు కూతురు చీకటుండగానే ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఎండ ఎక్కాక ఆమె తడిబట్టల తట్ట తీసుకుని స్టేషన్ స్తంభాల దగ్గరికి వెళ్లింది. దుప్పటి ఒక కొస తీగ మీద వేసి, రెండో కొస కోసం వంగి, అలాగే ఆగిపోయింది.

వంపు దగ్గర మనుషులు. గ్యాంగువాళ్లు గునపాలతో పసుపు బోర్డు మొదట్లో తవ్వుతున్నారు. ఒకతను బోర్డుని భుజంతో నెడుతున్నాడు, కదిలే పన్నుని నాలుకతో నెట్టినట్టు అటూ ఇటూ. అది ఒరిగింది.

తట్ట అక్కడే వదిలేసి కంకర మీద తట్టుకుంటూ పరిగెత్తింది.

“మేస్త్రీగారూ! దాన్నెందుకు పీకేస్తున్నారు?”

మేస్త్రీ నుదుటి చెమట తుడుచుకున్నాడు. “పనైపోయిందమ్మా. కల్వర్టు గోడ కొత్తది కట్టాంగా? ఈ రెండు నెలలూ మీ ఇంటి నీళ్లు తాగే కట్టాం కదా.”

“కట్టారు సరే. బోర్డు ఉంటే మిమ్మల్ని ఏమంటోంది?”

“కల్వర్టు బాగైతే బోర్డెందుకు? బళ్లు ఆలస్యం అయిపోతున్నాయని పైనుంచి ఒకటే పోరు.”

“మరి బండి?”

“బండి పోతుంది, ఝామ్మని.”

“ఎప్పటినించి?”

“ఆర్డరు వచ్చేసింది. ఇవాళ సాయంత్రం పాసింజరు నుంచే.”

ఆమె బోర్డు పాతిన గుంటని చూసింది. తడి మట్టి, అందులో తెగిన గడ్డి వేళ్లు.

“మరి మా పిల్లలు దిగాలి కదా,” అంది.

మేస్త్రీ మొహం కాస్త మారింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అమ్మా, అక్కడ దిగుతారన్న సంగతి నాకు తెలీదు. నేను చూళ్లేదు. మూసేసిన స్టేషన్‌లో దిగేవాళ్లు ఎలా ఉంటారు? కాగితం మీద అక్కడ ఎవరూ లేరు.” తర్వాత, ఇంకా తగ్గించి, “ఇంట్లో చెప్పుకోండి. ఇవాళ్టినించి అలాంటి పనులొద్దని చెప్పుకోండి,” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

“బోర్డు పీకేశారు,” అంది, ఆయాసపడుతూ. “కల్వర్టు బోర్డు. సాయంత్రం బండి నెమ్మదించదట.”

కత్తి చెంప మీద ఒక క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

“తీస్తే తీశారు,” అన్నాడు. “జెండా ఉందిగా.”

“జెండా ఏం చేస్తుందండీ!”

ఆయన మొహం కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు. బూట్లు తొడుక్కున్నాడు. ఆ వేళప్పుడు ఆయన ఎప్పుడూ బూట్లు తొడుక్కోడు. ఒక్క మాటైనా చెప్పకుండా పట్టాల వెంట నడుచుకుంటూ పోయాడు. మేస్త్రీతో పోట్లాడటానికే పోతున్నాడనుకుంది. పోట్లాడి ఏ రాయో తగిలించుకుని వస్తాడనుకుంది. ఇప్పుడు ఇద్దరి గురించి భయపడాలి.

ఫోన్ తీసింది. కూతురి ఫోన్ లోపలి గదిలోనే మోగింది. ఫ్యాక్టరీలోకి ఫోన్లు రానివ్వరని ఆ పిల్ల దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్తుంది, కంగారులో ఆ సంగతే మర్చిపోయింది. తర్వాత గేటు కాపలాదారుకి చేసింది.

“బాబూ, మా అమ్మాయితో ఒక్కసారి మాట్లాడించాలి. చాలా అర్జంటు.”

“అర్జంటంటే ఏంటమ్మా? ఎవరైనా పోయారా?”

“పోలేదు. పోతారేమోనని.”

“మొన్న గాలివాన వస్తోంది, మా పిల్లని పంపెయ్యమన్నది మీరే కదూ?”

“నేనే, కానీ బాబూ ఇది అలా కాదు…”

“దానికి ముందు పొయ్యి గురించి చేసింది?”

“నేనే.”

“చూడమ్మా, మీరు పెద్దవాళ్లు, ఏమీ అనలేను. లైను నడుస్తున్నప్పుడు మనిషిని బయటికి పిలిస్తే సూపర్వైజరు నా మీద పడతాడు. సాయంత్రం వాళ్లు బయటికొచ్చే గేటు వేరే. కనబడితే చెప్తాలెండి.” చెప్పడని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

ఇన్నాళ్లుగా తాను ఖర్చు పెట్టేసిన భయాలన్నీ ఒక్కసారి కళ్లముందు కనబడ్డాయి. నిజంగా అవసరమైన రోజుకి చేతిలో ఒక్కటీ మిగల్లేదు.

టైలరమ్మ కూడా, సంతలో ఎవరైనా కొట్టేస్తారని ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్తుంది. ఇక మిగిలింది కంపౌండరు. అతను ఫోన్ ఎత్తాడు. వెనక ఎవరో పిల్లాడు సూదికి భయపడి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

“చెప్పత్తా, త్వరగా చెప్పు.”

చెప్పింది. బోర్డు, కల్వర్టు, ఆర్డరు. ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటూ వచ్చాయి మాటలు.

“సరేగానీ అత్తా,” అన్నాడు, “మామ ఉంటాడు కదా ప్లాట్‌ఫాం మీద?”

“ఉంటాడు. అదే నా భయం.”

“ఇంకెందుకు భయం? మామ జెండా ఎత్తితే దిగుతాం, ఎత్తకపోతే దిగం. ఇన్నేళ్లూ అంతేగా? ఆ మనిషి ఊరికే జెండా ఎత్తడు. పిల్లాడు చెయ్యి లాగేసుకుంటున్నాడు, ఉంటాను.”

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎత్తితే దిగుతారు. వంపు తిరగగానే పచ్చగా కనబడితే చాలు, మూటలు లేస్తాయి, కాళ్లు లేస్తాయి. బండి ఎంత జోరు మీద ఉందో చూసుకునే తీరిక కూడా ఉండదు. అలవాటు పడ్డ ఒళ్లు ఆలోచించదు. ఆయనేమో జెండా ఎత్తితే బండే నెమ్మదిస్తుందనుకుంటాడు. ఆయన చేత్తోనే ఆయన పిల్లని…

ఆ మాట పూర్తి కానివ్వకుండా లేచి, చొక్కా తీసుకుని గుండీ కుట్టబోయింది. అగ్గిపుల్ల రెండుసార్లు విరిగింది. మూడోసారి సూది వేల్లోకి దిగింది.

*

ఆయన మధ్యాహ్నం దాటాక వచ్చాడు. ప్యాంటు మోకాళ్లకి తడి మట్టి, మోచేతికి సున్నం. కాళ్లు కడుక్కుని అన్నం దగ్గర కూర్చున్నాడు. ఆమె వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“మేస్త్రీతో గొడవపడ్డారా?”

ఆయన పప్పు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

“ఇవాళ జెండా ఎత్తకండి.”

ముద్ద కలుపుతున్నాడు. కలుపుతూనే ఉన్నాడు.

“మిమ్మల్నే. ఇవాళ ఒక్కరోజు. మీకు దణ్ణం పెడతాను. జెండా కనబడకపోతే వాళ్లు దిగరు. తర్వాతి స్టేషన్‌లో దిగి ఎలాగోలా వస్తారు.”

ఆయన సగం అన్నం వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. తలుపు వెనకనుంచి జెండా కర్ర తీసి, ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో కర్రని తుడవడం మొదలుపెట్టాడు. పై నుంచి కిందకి, కింది నుంచి పైకి. అది చూసేసరికి ఆమె ఓర్పు తెగిపోయింది.

“బండి మీ కోసం నెమ్మదించేది కాదు!” అంది. తన గొంతే తనకి కొత్తగా వినబడింది. “ఎప్పుడూ కాదు. ఆ కల్వర్టు బాగోలేదు కాబట్టి నెమ్మదించేది. మీ జెండా ఏ డ్రైవరూ చూడడు. గంట తీసుకుపోయినవాళ్లకి, బోర్డు తీసుకుపోయినవాళ్లకి మీ జెండా లెక్కా? మీరు అక్కడ నిలబడినా ఒకటే, రాయి నిలబడినా ఒకటే. నాకు ఎప్పటినించో తెలుసు. మీరు బాధపడతారని నోరు కట్టుకుని కూర్చున్నాను. వింటున్నారా?”

ఆయన చెయ్యి ఆగింది. ఆమె వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో, కోపం ఉంటే బావుండేది. మళ్లీ తల వంచుకుని కర్ర తుడిచాడు. జెండా చుట్టాడు. ఖాకీ చొక్కా తొడుక్కుని, పొద్దు ఇంకా చాలా ఉండగానే స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.

ఆమె వెనకాలే వెళ్లింది. దగ్గరికి పోవడానికి మొహం చెల్లక, ఇటుకలు పేర్చిన టికెట్ల కిటికీ పక్కన నిలబడింది. ఆయన చీపురు తెచ్చి ప్లాట్‌ఫాం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఊడ్చాడు. రాలిన ఆకులు పోగుచేసి గోతిలో పోశాడు. అంచు రాళ్ల మీద చెయ్యి వేసి తడి ఉందేమో చూశాడు. మనుషుల్ని దింపుకోవడానికి సిద్ధం చేస్తున్నట్టే ఉంది అంతా. వెళ్లి ఆ కర్ర లాగేసుకుని విరిచేద్దామనుకుంది. ఆయన బలం ముందు తను ఏపాటిది? పట్టాల మధ్యకి వెళ్లి నిలబడదామనుకుంది. ఆలోచన ఏదైనా చివరికి కూతురి అరిగిన చెప్పుల దగ్గరికే వచ్చి ఆగుతోంది.

పట్టాలు రొద మొదలుపెట్టాయి.

రోజూ అది సన్నగా మొదలై, పెరగడానికి చాలాసేపు తీసుకునేది. ఇవాళ మొదలవడమే గట్టిగా మొదలైంది. గోడకి ఆనుకున్న ఆమె వీపుకి అదురు తెలిసింది. ఆయన తన చోటులో నిలబడ్డాడు. కర్ర కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి జెండా ముడి మీదకి వెళ్లింది.

“వద్దండీ!” అని అరిచింది. ఆ కేక ఆమెకే వినబడలేదు.

ఇంజిను వంపులోంచి బయటపడింది. దాని మొహం రోజూ కన్నా పెద్దదిగా ఉంది. కూత వేస్తూనే వచ్చింది. ఆయన చేతులు రెండూ కదిలాయి. కర్రని వీపు వెనక్కి తిప్పుకుని, రెండు చేతులతో వెనకాలే గట్టిగా పట్టుకుని, ఛాతీ ముందుకి పెట్టి నిలబడ్డాడు. బండికి ఎదురుగా ఖాకీ చొక్కా తప్ప మరేమీ లేదు.

గాలి ఆమెని గోడకేసి కొట్టింది. దుమ్ము, ఎండుటాకులు, చెవులు పగిలే మోత. పెట్టెలు ఒకదాన్నొకటి మింగేస్తూ పోతున్నాయి. తలుపులు, కిటికీలు, మొహాలు అన్నీ ఒక్క గీతలా సాగిపోయాయి. ఆ గీతలోంచి నీలంగా ఏదో బయటికొచ్చింది. ప్లాట్‌ఫాం మీద పడింది, బంతిలా ఎగిరింది, దొర్లింది, మళ్లీ ఎగిరి స్తంభానికి కొట్టుకుని పగిలింది.

పొద్దున కూతురు నీలంరంగు బట్టలే వేసుకుంది.

ఆమె కళ్లు మూసుకుంది. బండి చప్పుడు కల్వర్టు మీద గట్టిగా మోగి, దూరమై, సన్నబడింది. కళ్లు తెరవాలని తెలుసు, రెప్పలు మాట వినలేదు. ఎవరో భుజం పట్టుకుని కుదిపారు. చూస్తే ఆయన. ఆయన చేతిలో ఒక నీలం బట్ట ముక్క ఉంది. కత్తిరించి, ఇంకా కుట్టని చొక్కా జేబు.

టైలరమ్మ మూట. పగిలిన మూటలోంచి కాలర్లు, జేబులు, వీపు ముక్కలు ప్లాట్‌ఫాం పొడవునా చెల్లాచెదురై ఉన్నాయి. స్తంభాల మధ్య తీగకి కొన్ని చుట్టుకుని ఉన్నాయి. మనిషి కనబడలేదు. ఎక్కడా ఒక్క మనిషి కూడా లేదు.

ఇద్దరూ ముక్కలు ఏరారు. ఆయన అటు నుంచి, ఆమె ఇటు నుంచి. ఆయన ఒక్కొక్క ముక్కనీ దులిపి, కాలర్ మీద కాలర్, జేబు మీద జేబు పెడుతున్నాడు. ఆ చేతుల్లో తొందర లేదు. ఆమె దగ్గరికి వెళ్లి, “నా నోరు మంచిది కాదు,” అంది. “ఏదో కంగారులో అనేశాను. మీరు మనసులో పెట్టుకోకండి.”

ఆయన పట్టాల పక్కన కంకరలో ఇరుక్కున్న ముక్కని తీయడానికి వంగాడు.

వెలుగు పూర్తిగా పోకముందే రోడ్డు మీద ఆటో ఆగింది. ముందు టైలరమ్మ గొంతు వినబడింది, తర్వాత కంపౌండరుది, ఆ తర్వాత కూతురిది. ఆమె ఎదురు పరిగెత్తి కూతురి భుజాలు, మోచేతులు, మోకాళ్లు తడిమింది. కొట్లో సామాను సరిచూసుకున్నట్టు చూసుకుంది.

“అమ్మా, అన్నీ ఉన్నాయి. వదులు,” అంది కూతురు. నవ్వడానికి చూసింది గానీ పెదవులు తెల్లగా ఉన్నాయి.

“నన్ను పట్టుకున్నది మీ పిల్లే వదినా,” అంది టైలరమ్మ. “వంపు దాటీ దాటగానే మూట విసిరేశాను. రోజూ విసిరే చెయ్యి కదా, ఆగలేదు. మూట వెనకే కాలు కూడా పెట్టేశాను. ఇది నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ‘అత్తా, నాన్న జెండా ఎత్తలేదు, జెండా ఎత్తలేదు’ అని ఒకటే అరుపు. ఇద్దరం కంపౌండరు మీద పడ్డాం.”

“నా పక్కటెముక సొట్టపోయిన గిన్నెలా అయింది,” అన్నాడు కంపౌండరు. ఎవరూ నవ్వకపోతే తనే కొంచెం నవ్వి మానేశాడు.

కూతురు తండ్రి దగ్గరికి వెళ్లింది. “నాన్నా, నీకెలా తెలిసింది?”

ఆయన బట్టల దొంతర టైలరమ్మ చేతుల్లో పెట్టాడు. కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఇంటికి నడిచాడు.

*

మర్నాడంతా ఆయన నోరు విప్పలేదు. కూతురు చీకటుండగానే పనికి పోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, ముగ్గురూ కలిసి ఆటోలో వచ్చేలా మాట్లాడుకున్నారు. ఆలస్యం అవుతుంది, అయినా మరో దారి లేదు. ఆమె ఆ ఆటో బోల్తా పడుతుందేమోనని భయపడింది గానీ, ఆ భయం కూడా ఇవాళ మనసుకి ఆనడం లేదు. ఆయన మాట్లాడకపోవడం దాన్ని పక్కకి తోసేసింది.

టీ ఇచ్చింది, తాగాడు. కాఫీ పెట్టనా అంది, తల ఊపలేదు. గడ్డం గీసుకోలేదు. ఖాకీ చొక్కా కొక్కానికి వేలాడుతూనే ఉంది. మళ్లీ మంచం ఎక్కుతాడు, ఇక దిగడు అనుకుంది. మంచం కూడా ఎక్కలేదు. పెరటి గోడ పక్కన మెట్టు మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

ఆమె చొక్కాలు తెచ్చుకుని ఆయన పక్క మెట్టు మీద కూర్చుంది.

“తిట్టండి పోనీ,” అంది. “ముప్పై ఏళ్లుగా తిట్టలేదు, ఇప్పుడైనా తిట్టండి. రాయితో పోల్చాను మిమ్మల్ని. ఏ పెళ్లామూ అనకూడని మాట అది. కానీ నా పరిస్థితి మీరు కూడా ఆలోచించండి. మీరు మాట్లాడరు, తుడుచుకుంటూ కూర్చుంటారు. నాకు దాని కాళ్లే కనబడుతున్నాయి. ఏం చెయ్యమంటారు? పుట్టుకే అలాంటిది నాది, భయం తప్ప ఇంకోటి రాదు. మీరు అలా కాదు. మీకు దేనికీ చలనం ఉండదు. అంత పెద్ద బండి ముందు రోజూ నవ్వుతూ నిలబడేవారు. నాకలా చేతకాదు. ఏమండీ, ఒక్క మాట. ఒకే ఒక్క మాట.”

గుండీ ఒకటి అయింది. ఇంకోటి అయింది. పొద్దు వాలింది. అవతల పట్టాలు రొదపెట్టాయి. ఆయన మెడ బిగుసుకుంది. గోడ మీదుగా బండి పైభాగాలు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోయాయి. ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయి. మెట్టు అదిరింది. తర్వాత అంతా సద్దుమణిగింది. ఆమె ఇక అడగడం మానేసి, వెలుతురు చాలక సూదిని కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

“కల్వర్టు సంగతి నాకు తెలుసు,” అన్నాడాయన.

ఆమె చేతిలో సూది ఆగింది.

“బీటలు వారిన రోజే తెలుసు. నిన్న పొద్దున కిందకి దిగి కొత్త గోడ చూసొచ్చాను. గట్టిగా కట్టారు. అప్పుడే అనుకున్నాను జెండా ఎత్తకూడదని. నీ మాటకి కాదు.”

“మరి మీ జెండా చూసే నెమ్మదిస్తుందని…”

“అలా చెప్పకపోతే నువ్వు దాన్ని పనికి పోనిచ్చేదానివా?”

ఆమె సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. ఆయన చేతులు ముందుకి చాపి, వాటి వంకే చూస్తూ, ఇంకా ఏదో ఉన్నట్టు ఆగాడు.

“ఇంట్లో కూర్చోలేక వెళ్లేవాణ్ణి,” అన్నాడు చివరికి. “దాని కాలు నేల మీద పడేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. జెండా ఊపుతూ ఉంటే, చెయ్యి వణుకుతోందని ఎవరికీ తెలీదు.”